కనిపించని 13, కనిపించని 10: టెక్స్ట్ ఫైలులో పంక్తి ఎక్కడ ముగుస్తుంది?

విడవలూరు, అల్లూరు, ఇందుకూరుపేట మండలాల్లో రొయ్యల గుంట పట్టిన రోజున కాటా దగ్గర రాసుకునే లెక్కలో పెద్ద తేడాలేమీ ఉండవు: ఊరి పేరు, గుంట నెంబరు, తూకం, చివర కౌంట్. కౌంట్ అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయన్న లెక్క. 40 కౌంట్‌కు ఒక ధర, 50 కౌంట్‌కు అంతకంటే తక్కువ ధర ఉంటుంది కనుక, ఏ కౌంట్ సరుకు ఎన్ని కిలోలు వచ్చిందో తెలియనిదే సాయంత్రానికి డబ్బు లెక్క తేలదు. కొన్నేళ్ల క్రితం నెల్లూరులో ఒక కొనుగోలుదారు కోసం ఈ కూడికలు చేసే చిన్న షెల్ స్క్రిప్ట్ (వరుసగా అమలయ్యే ఆదేశాల ఫైలు) రాసి ఇచ్చాను. గుమస్తాలు ల్యాప్‌టాప్‌లో కామాలు పెట్టి ఎక్కించిన టెక్స్ట్ ఫైళ్లు లినక్స్ సర్వర్‌కు చేరగానే అది కౌంట్‌వారీగా తూకాలు కూడి నివేదిక ఇచ్చేది. మొదటి వారం ఏ ఇబ్బందీ రాలేదు. రెండో వారం నివేదికలో 40 కౌంట్ రెండు వరుసలుగా వచ్చింది.

రెండు వరుసల్లోనూ 40 అనే ఉంది. కాగితం మీద అచ్చు తీసినా తేడా కనిపించలేదు. ఎక్కడైనా స్పేస్ అదనంగా పడి ఉంటుందేమోనని గుమస్తా అన్నాడు. ఆ అనుమానం తీర్చుకోవడానికి కౌంట్ విలువకు రెండు పక్కలా చదరపు బ్రాకెట్లు పెట్టి తెరమీద చూపించమని స్క్రిప్ట్‌కు చెప్పాను. ఒక వరుస మామూలుగానే [40] అని వచ్చింది. రెండోది ]40 అని వచ్చింది. అంటే చివర మూయవలసిన బ్రాకెట్టు వెళ్లి, మొదట తెరిచిన బ్రాకెట్టు నెత్తిమీద కూర్చుంది. దానిని చూసిన వెంటనే సంగతి అర్థమైంది, నా తప్పేమిటో కూడా అర్థమైంది. రెండో వారంలో చేరిన గుమస్తా విండోస్ ల్యాప్‌టాప్ వాడుతున్నాడు. మొదటి అతనిది ఉబుంటు, అంటే లినక్స్‌లో ఒక రకం.

కంప్యూటర్ దృష్టిలో ఫైలంటే వరుసగా పేర్చిన అంకెలే. ఒక్కొక్క అంకె, అంటే ఒక్కొక్క బైటు, 0 నుంచి 255 వరకు ఎంతైనా ఉండవచ్చు. అక్షరాలకు అంకెలు కేటాయించిన ఆస్కీ పట్టిక ప్రకారం '4' అనే గుర్తు 52గాను, '0' అనే గుర్తు 48గాను నమోదవుతాయి. ఉబుంటులో రాసిన పంక్తి చివర 52, 48, 10 అని ఉంటే, విండోస్‌లో రాసిన పంక్తి చివర 52, 48, 13, 10 అని ఉంది. లినక్స్ పనిముట్లకు పంక్తి ముగిసిందని చెప్పేది 10 ఒక్కటే. కాబట్టి అవి 10ని తీసి పక్కన పెట్టి, మిగిలినదంతా కౌంట్ విలువ కిందనే లెక్కగట్టాయి. ఒకచోట ఆ విలువ '40' అయితే, మరోచోట '40' వెనుక 13 తోకలా తగులుకొని ఉంది. రెండూ సమానం కావు కనుక రెండు వరుసలయ్యాయి. గుమస్తాలిద్దరూ విండోసే వాడి ఉంటే తోక అన్ని విలువలకూ సమానంగా ఉండేది, కూడికలన్నీ సరిగ్గా వచ్చేవి, నా స్క్రిప్ట్‌లో లోపం ఉన్న సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

ఇక బ్రాకెట్టు ముందుకు ఎందుకు వెళ్లిందంటే, 13 అనేది అక్షరం కాదు, ఆజ్ఞ: 'ఇదే పంక్తి మొదటికి వెనక్కి వెళ్లు' అని దాని అర్థం. తెర [40 అని రాసి, 13 రాగానే పంక్తి మొదటికి వెళ్లి, ఆ తరువాత వచ్చిన ] గుర్తును అక్కడ రాసింది. ఈ ఆజ్ఞ ఎక్కడిదో తెలుసుకోవాలంటే కంప్యూటర్లకంటే ముందటి యంత్రాల దగ్గరకు వెళ్లాలి.

నెల్లూరులోనో ఒంగోలులోనో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయర్, హయ్యర్ పరీక్షలకు సాధన చేసినవారికి ఎడమ పక్కన ఉండే లీవరు గుర్తుండే ఉంటుంది. పంక్తి చివరికి రాగానే గంట మోగుతుంది. చేత్తో లీవరును కుడివైపుకు తోస్తే మొదట రోలరు కిర్రుమంటూ తిరిగి కాగితం ఒక పంక్తి పైకి జరుగుతుంది, ఆపైన క్యారేజ్ మొత్తం మొదటి స్థానానికి జరుగుతుంది. చేతికి అది ఒకే కదలిక, యంత్రానికి మాత్రం రెండు పనులు. ఆ రెంటినీ విడదీయడం టైపు నేర్చినవారికి కొత్తేమీ కాదు: కాగితం కదలకుండా క్యారేజ్‌ను మాత్రం వెనక్కి తెచ్చి అదే మాట మీద మళ్లీ కొడితే అక్షరాలు ముద్దగా వస్తాయి, శీర్షిక కింద గీత గీయడానికీ అదే ఉపాయం.

తంతి ద్వారా దూరాన ఉన్న టైపు యంత్రాన్ని నడపవలసి వచ్చినప్పుడు లీవరు తోసే చేయి అక్కడ లేదు. అందువల్ల ఆ రెండు పనులకూ రెండు వేర్వేరు సంకేతాలు అవసరమయ్యాయి. డొనాల్డ్ మర్రే 1901లో రూపొందించిన టెలిగ్రాఫ్ సంకేతావళిలోనే అవి చోటు చేసుకున్నాయి. క్యారేజ్‌ను వెనక్కి తెచ్చేది క్యారేజ్ రిటర్న్, పొట్టిగా సీఆర్. కాగితాన్ని ఒక పంక్తి జరిపేది లైన్ ఫీడ్, పొట్టిగా ఎల్ఎఫ్. 1963లో వెలువడిన ఆస్కీ ప్రమాణంలో సీఆర్‌కు 13, ఎల్ఎఫ్‌కు 10 దక్కాయి.

ఇక్కడ ఒక చిన్న యాంత్రిక చిక్కు ఉంది. ఈ రోజు మన ఫైళ్లలో ఉన్న క్రమానికి అదే కారణం. అదే కాలంలో వచ్చిన టెలిటైప్ మోడల్ 33 అనే టైపు యంత్రం సెకనుకు 10 అక్షరాలు కొట్టేది. కుడి చివరన ఉన్న అచ్చు తలకాయ ఎడమ చివరకు చేరడానికి సెకనులో పదోవంతు సరిపోదు. సీఆర్ పంపిన వెంటనే మామూలు అక్షరం పంపితే, తలకాయ ఇంకా దారిలో ఉండగానే ఆ అక్షరం పంక్తి మధ్యలో ఎక్కడో అచ్చు పడేది. అందుకని సీఆర్ ముందు పంపి, ఆ వెనుక ఎల్ఎఫ్ పంపేవారు. తలకాయ ప్రయాణం చేస్తున్నంతసేపు కాగితం జరిగే పని సాగుతుంది. చాలకపోతే ఏ పనీ చేయని ఉత్త సంకేతాలు ఒకటి రెండు కలిపేవారు. నేటి విండోస్ ఫైలులో 13 ముందు, 10 వెనుక ఉండటానికి మూలం ఒక అచ్చు తలకాయ మెల్లగా కదలడమే.

ఇంతవరకు సీఆర్, ఎల్ఎఫ్ అనేవి యంత్రానికి ఇచ్చే ఆజ్ఞలు మాత్రమే. తికమక అంతా ఆ ఆజ్ఞలను ఫైలులో దాచిపెట్టే రోజు వచ్చినప్పుడు మొదలైంది. ఫైలులో దాచేది 'ఇక్కడ పంక్తి ముగిసింది' అన్న భావాన్నా, లేక 'తలకాయను వెనక్కి తే, కాగితం జరుపు' అన్న ఆజ్ఞలనా? ఈ ప్రశ్నకు ఎవరు ఏ జవాబు చెప్పుకున్నారో దానిని బట్టే నేటి తేడాలు ఏర్పడ్డాయి.

1964లో పని మొదలైన మల్టిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వారు భావాన్నే దాచాలనుకున్నారు. ఫైలులో 10 ఒక్కటే ఉంటుంది. అచ్చు యంత్రానికి పంపే క్షణంలో దాన్ని నడిపే డ్రైవర్ ప్రోగ్రాము అవసరమైన 13ను, ఆలస్యపు సంకేతాలను చేరుస్తుంది. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలుపెట్టిన యునిక్స్ ఇదే దారి పట్టింది, దానిననుసరించి లినక్స్ కూడా. ఇప్పటికీ లినక్స్ టెర్మినల్‌లో 10 వెళ్లినచోట తెరకు 13, 10 రెండూ చేర్చి పంపే పని ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నల్‌లోని టెర్మినల్ డ్రైవర్‌దే. ఆ సౌకర్యాన్ని ఆపేసి చూస్తే ఒక పంక్తి ఎక్కడ ముగిసిందో తరువాతి పంక్తి దాని కిందనే మొదలై, అక్షరాలన్నీ మెట్లు దిగినట్టు కుడివైపుకు జారిపోతాయి.

గ్యారీ కిల్డాల్ 1974లో రూపొందించిన సీపీఎం అనే ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రం ఆజ్ఞలను యథాతథంగా ఫైలులో ఉంచింది. చిన్న యంత్రం, కొద్ది జ్ఞాపకశక్తి; ఫైలును ఉన్నదున్నట్టు ప్రింటర్ వైపు తోసేస్తే చాలు, మధ్యలో మార్పిడి చేసే దళారీ అక్కరలేదు. 1981లో వచ్చిన ఎమ్మెస్ డాస్ ఆ అలవాటును అందుకుంది, విండోస్ డాస్ నుంచి అందుకుంది. దీనిని విండోస్ తెలివితక్కువతనమని వెక్కిరించడం లినక్స్ వాడేవారిలో ఒక అలవాటు. నేను ఒప్పుకోను. ఆనాటి యంత్రాలకు అది లెక్క చూసుకొని చేసిన పనే. పాత మ్యాకింటాష్ కంప్యూటర్లు 13 ఒక్కదాన్నే వాడి, 2001లో మ్యాక్ ఓఎస్ టెన్‌తో యునిక్స్ పద్ధతికి మారిపోయాయి. ఆ బాపతు ఫైళ్లు ఇప్పుడు చాలా అరుదు.

విండోస్ నోట్‌ప్యాడ్ 2018 వరకు ఒట్టి 10తో ముగిసే పంక్తులను గుర్తించేది కాదు. లినక్స్ నుంచి వచ్చిన ఫైలును అందులో తెరిస్తే అన్ని పంక్తులూ కలిసి ఒకే బారున కనిపించేవి. ఈ బాధ ఇప్పుడు తీరింది. తీరనిది ప్రోగ్రాముల బాధ. స్క్రిప్ట్ మొదటి పంక్తిలో దాన్ని నడిపే బాష్ అనే ప్రోగ్రాము పేరు రాస్తాం కదా, విండోస్‌లో దాచిన స్క్రిప్ట్‌ను లినక్స్‌లోకి, లేదా దానిలో విడి పెట్టెలా నడిచే డాకర్ కంటెయినర్‌లోకి తెచ్చి నడిపిస్తే, కెర్నల్ ఆ పేరు చివర 13 ఉన్న 'బాష్' కోసం వెదికి, అలాంటి ఫైలు లేదంటుంది. బాష్ కళ్లెదుటే ఉంటుంది. కొత్తవారు పూట పూటంతా పోగొట్టుకునేది ఇక్కడే. దోష సందేశంలో ఒక్కొక్కసారి టోపీ గుర్తు, దాని పక్కన ఎం అక్షరం కనిపిస్తాయి. ఇంగ్లీషు అక్షరమాలలో ఎం పదమూడోది, కంట్రోల్ మీటతో కలిపి దాన్ని నొక్కితే వచ్చేది 13 కనుక ఆ రాత పద్ధతి ఏర్పడింది.

మార్పిడి చేయకపోవడం వల్ల వచ్చే చిక్కులకంటే, చేయకూడనిచోట చేయడం వల్ల వచ్చేవి ప్రమాదకరమైనవి. ఫైళ్లను నెట్‌వర్క్ మీద పంపే ఎఫ్టీపీలో టెక్స్ట్ పద్ధతి ఎంచుకుంటే దారిలో పంక్తి ముగింపులు అటునుంచి ఇటు మారిపోతాయి. ఫొటోను ఆ పద్ధతిలో పంపితే, రంగుల లెక్కల్లో యాదృచ్ఛికంగా ఉన్న 10లు, 13లు కూడా మారి ఫొటో పాడవుతుంది. 1996లో వచ్చిన పీఎన్‌జీ బొమ్మల రూపకర్తలు దీనికి ముచ్చటైన కాపలా పెట్టారు. ప్రతి పీఎన్‌జీ ఫైలూ 137, 80, 78, 71, 13, 10, 26, 10 అనే 8 అంకెలతో మొదలవుతుంది. వాటిలో 80, 78, 71 అనేవి పీ, ఎన్, జీ అక్షరాలు. 13, 10 జంటను ఎవరైనా ఒట్టి 10గా కుదిస్తే అక్కడ తెలిసిపోతుంది. ఒట్టి 10ని 13, 10గా పెంచితే చివరి 10 దగ్గర తెలిసిపోతుంది. 26 డాస్‌లో ఫైలు ముగింపు గుర్తు కనుక, పొరపాటున ఆ బొమ్మను టెక్స్ట్‌లా తెరమీదికి పంపితే పిచ్చి గుర్తులు గుప్పించకుండా అక్కడే ఆగుతుంది.

తెలుగులో రాసేవారికి ప్రత్యేకంగా తగిలే చిక్కు ఒకటుంది, దాని గురించి పెద్దగా ఎవరూ రాయగా నేను చూడలేదు. ప్రపంచ లిపుల అక్షరాలకు అంకెలిచ్చే పట్టిక యూనికోడ్; ఆ అంకెలను ఫైలులో దాచే యూటీఎఫ్ 8 పద్ధతిలో తెలుగు అక్షరం ప్రతిదీ 3 బైట్లలో ఉంటుంది, ఆ మూడూ 127కి పైబడిన అంకెలే కనుక వాటిలో 10 గానీ 13 గానీ ఎదురయ్యే ప్రసక్తే లేదు. ఆ ఫైలుపై ఏ మార్పిడి పనిముట్టు నడిపినా అక్షరాలు పదిలంగా ఉంటాయి. విండోస్‌లో యూటీఎఫ్ 16 పద్ధతిలో దాచిన ఫైలు సంగతి వేరు. అందులో ఒక్కొక్క అక్షరానికి 2 బైట్లు. యూనికోడ్‌లో 'ఊ' స్థానం 3082, అంటే 12 ఇంటూ 256, దానికి 10 కలిపితే వచ్చేది. చిన్న భాగాన్ని ముందు రాసే ఆ పద్ధతిలో 'ఊ' అనేది 10, 12 అని నమోదవుతుంది. అక్షరమే పంక్తి ముగింపు వేషం వేసుకొని కూర్చుంటుందన్నమాట.

ఇప్పుడు రైతు ఊరు విడవలూరు మండలంలోని ఊటుకూరు అనుకుందాం. బైట్లను మాత్రమే చూసే ఒక మొరటు పనిముట్టు ప్రతి 10 ముందూ ఒక 13 చొప్పించిందనుకుందాం. 'ఊ' కాస్తా 13, 10, 12 అయి, అక్కడినుంచి జంటలన్నీ ఒక బైటు పక్కకు జరుగుతాయి. 'ట' బైట్లు 31, 12. ముందటి 12 వచ్చి 31తో జతకడితే అక్కడ ఒక గ్రీకు అక్షరం వెలుస్తుంది. దాని కొమ్ము బైట్లు 65, 12; అక్కడ చైనా లిపి అక్షరం ఒకటి లేస్తుంది. ఊటుకూరు ఇలా మూడు దేశాలు తిరిగే దుస్థితి తప్పాలంటే, ముందు ఫైలును యూటీఎఫ్ 8లోకి మార్చి, ఆ తరువాతే పంక్తి ముగింపుల జోలికి వెళ్లాలి. ఈ క్రమం తారుమారు కాకూడదు.

ఏ ఫైలులో ఏ ముగింపు ఉందో కంటితో చూసి చెప్పలేం కాని కనుక్కోవడం కష్టం కాదు. లినక్స్‌లో 'ఫైల్' అనే ఆదేశం సీఆర్ఎల్ఎఫ్ (13, 10 జంట) ముగింపులుంటే ఆ మాట చెబుతుంది. విజువల్ స్టూడియో కోడ్‌లో కింది పట్టీ కుడివైపున ఎల్ఎఫ్ అనో సీఆర్ఎల్ఎఫ్ అనో ఉంటుంది, దాని మీద నొక్కి మార్చుకోవచ్చు. ఒకేసారి అనేక ఫైళ్లకైతే డాస్ టు యునిక్స్ అనే పనిముట్టు ఉంది.

ప్రోగ్రామ్ రాసే భాషలు చాలావరకు ఈ మార్పిడిని తమ నెత్తినే వేసుకుంటాయి. విండోస్‌లో సీ, పైథాన్ భాషలు టెక్స్ట్ పద్ధతిలో తెరిచిన ఫైలులోకి 10 రాయమంటే 13, 10 రాస్తాయి. ఇది మేలే కాని, పైథాన్‌లో సీఎస్‌వీ (కామాలతో విడదీసిన) ఫైళ్లు రాసే మాడ్యూల్ తనంతట తానే 13, 10 రాస్తుంది. ఫైలు తెరిచేటప్పుడు న్యూలైన్ అనే ఎంపికకు ఖాళీ విలువ ఇవ్వకపోతే, అందులోని 10 మళ్లీ మారి 13, 13, 10 అవుతుంది. ఎక్సెల్‌లో తెరిస్తే వరుస విడిచి వరుస ఖాళీగా కనిపిస్తుంది.

నలుగురు కలిసి రాసే ప్రాజెక్టులో, ఫైళ్ల మార్పుల చరిత్రను దాచే గిట్ వ్యవహారం మరికొంత వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే అక్కడ గొడవలు మనుషుల మధ్యకు వస్తాయి. కందుకూరులో ఇంటినుంచి పనిచేసే ఒకరు విండోస్‌లో ఒక్క పంక్తి సవరించి పంపితే, ఒంగోలులో చూసేవారికి 500 పంక్తుల ఫైలు మొత్తం మారినట్టు కనిపించవచ్చు. ఎడిటర్ అన్ని పంక్తుల చివరా 13 చేర్చి ఉంటుంది; ఆ ఒక్క పంక్తి సవరణ ఆ ఊబిలో ఎక్కడుందో వెదుక్కోవాలి. గిట్‌లో ఆటో సీఆర్ఎల్ఎఫ్ అనే అమరిక ఇందుకే ఉంది. దాన్ని 'ట్రూ' చేస్తే దాచేటప్పుడు 13 తీసేసి, బయటికి తీసేటప్పుడు చేరుస్తుంది; 'ఇన్‌పుట్' చేస్తే దాచేటప్పుడు తీయడం మాత్రమే; 'ఫాల్స్' అయితే ముట్టుకోదు. నా మట్టుకు నాకు ఈ అమరిక మీద గురి లేదు. అది ఒక్కొక్కరి కంప్యూటర్‌లో ఒక్కొక్క రకంగా ఉంటుంది. కొత్తగా చేరినవారు దాన్ని సరిచేసుకున్నారా లేదా అన్నది అడిగితే తప్ప తెలియదు.

దానికంటే గిట్ యాట్రిబ్యూట్స్ అనే ఫైలు, పేరు ముందు చుక్కతో, ప్రాజెక్టులోనే పెట్టడం మంచిది. అందులో నక్షత్రం గుర్తు వేసి 'టెక్స్ట్ ఈక్వల్స్ ఆటో' అని ఒక్క పంక్తి రాస్తే, టెక్స్ట్ ఫైళ్లన్నీ గిట్ గిడ్డంగిలో 10తోనే ముగుస్తాయి, ఎవరి అమరిక ఏదైనా సరే. షెల్ స్క్రిప్ట్‌లు ఏ యంత్రంలో బయటికి తీసినా ఎల్ఎఫ్‌తోనే ఉండాలని, విండోస్ బ్యాచ్ ఫైళ్లు సీఆర్ఎల్ఎఫ్‌తో ఉండాలని, బొమ్మలు బైనరీ (టెక్స్ట్ కానివి) అని విడిగా రాసుకోవాలి. ఒట్టి 10తో ఉన్న బ్యాచ్ ఫైలులో గోటూ ఆదేశం ఒక్కోసారి తన లేబుల్‌ను కనుక్కోలేకపోతుంది కనుక ఆ మినహాయింపు అవసరమే. పాత ప్రాజెక్టుకు దీన్ని చేర్చినప్పుడు గిట్ యాడ్‌తో 'రీనార్మలైజ్' వాడి, ఆ మార్పును ఒక్కదాన్నే గిట్ చరిత్రలో విడి నమోదుగా, అంటే విడి కమిట్‌గా పంపాలి. వేరే సవరణలు అందులో కలిపితే రేపు చరిత్ర చదివేవారి ఉసురు తగులుతుంది.

అన్నిచోట్లా 10 మాత్రమే చాలునని దీని అర్థం కాదు. ఈమెయిల్ నడిచే ఎస్ఎంటీపీ, వెబ్ నడిచే హెచ్‌టీటీపీ 1.1 పంక్తికి 13, 10 రెండూ ఉండాలంటాయి. అక్కడ పట్టింపు లేకుండా ఏది వచ్చినా సరేననుకోవడం వల్ల 2023 డిసెంబరులో ఒక పెద్ద లోపమే బయటపడింది. ఉత్తరం ముగిసిందని చెప్పడానికి 13, 10, చుక్క, 13, 10 రావాలి. కొన్ని సర్వర్లు ఒట్టి 10 పక్కన చుక్క ఉన్నా ముగింపుగానే ఒప్పుకునేవి. పంపే సర్వర్ దానిని ఉత్తరంలోని మామూలు రాతగా వదిలేస్తే, అందుకునే సర్వర్ ఉత్తరం అక్కడితో ముగిసిందనుకొని, మిగతా భాగాన్ని వేరొకరి పేరుతో వచ్చిన రెండో ఉత్తరంగా స్వీకరించేది. పంక్తి ముగింపు విషయంలో చూపిన ఉదారత దొంగ ఉత్తరానికి తలుపు తీసింది.

నా రొయ్యల స్క్రిప్ట్‌కు చేసిన మరమ్మతు చాలా చిన్నది. ఫైలు లోపలికి వచ్చే ఒక్క చోట, చదవడానికి ముందే, 13లన్నీ తీసేసే పంక్తి ఒకటి చేర్చాను. కూడికల మధ్య ఎక్కడా మళ్లీ ఆ ఊసు ఎత్తనక్కరలేదు. రెండు 40లు కలిశాయి. అయినా మొత్తం తూకం కాటా పుస్తకంతో సరిపోలలేదు, ఒక గుంట సరుకు తక్కువగా వస్తోంది.

వెదికితే, ఒక ఫైలులో ఆఖరి పంక్తికి ముగింపే లేదు. గుమస్తా చివరి కౌంట్ కొట్టి, ఎంటర్ నొక్కకుండానే దాచేశాడు. విండోస్ ఎడిటర్లలో చాలావాటికి ఈ ముగింపు రెండు పంక్తుల మధ్య గోడ లాంటిది. ఆఖరి పంక్తి తరువాత గోడ ఎందుకని వాటి భావన. యునిక్స్ తరహా వ్యవస్థలకు ఉమ్మడి అయిన పాజిక్స్ ప్రమాణం ప్రకారం మాత్రం ప్రతి పంక్తికీ ముగింపు ఉండి తీరాలి, లేనిది పూర్తి పంక్తి కాదు. షెల్‌లో ఒక్కొక్క పంక్తినే చదివే 'రీడ్' ఆదేశం ముగింపు దొరక్కుండా ఫైలు అయిపోతే, చదివిన విలువలను చేతికిస్తూనే చదవడం విఫలమైందని చెబుతుంది; పంక్తి వెంట పంక్తి చదివించే లూప్ ఆ మాట విని, ఆఖరి వరుసను కూడకుండానే ఆగిపోతుంది. రీడ్ విఫలమైనా చేతిలో విలువ మిగిలి ఉంటే లూప్‌ను ఇంకొక్కసారి నడపమని షరతు చేర్చాను. ఊటుకూరు గుంట తూకం అప్పుడు లెక్కలోకి వచ్చింది.